తోడు మాత్రకు పథ్యం

చిల్కానగర్,
9 జూన్ 2025

వదినగారికి అరుణకుమారి నమస్కారాలు.

చిల్కానగర్‌కీ నాచారానికీ మధ్య ఉత్తరాలేమిటి, చోద్యం కాకపోతే, అని నవ్వుకుంటున్నారు కదూ. నవ్వండి. మీకేమో మోకాలి ఆపరేషన్ అయింది, మా మూడంతస్తుల మెట్లు ఎక్కలేరు. నాకేమో చెవుడు. ఫోన్లో మీరు మామూలుగా మాట్లాడితే నాకు వినపడదు, నాకు వినపడేలా అరిస్తే ఇక్కడ పక్కగదిలో ఉన్న మీ అమ్మాయి సుష్మకు వినపడుతుంది. ఆ పిల్ల గురించి ఆ పిల్ల వినేట్టు మాట్లాడుకోవడం బాగుంటుందా చెప్పండి. మా అబ్బాయి తేజేష్ ఎలాగూ రోజూ నాచారం ఫ్యాక్టరీకి మీ గుమ్మం ముందునుంచే వెళ్ళొస్తాడు. మీరు సుష్మకు పంపే క్యారేజీలో ఉత్తరం పెట్టండి. ఖాళీ క్యారేజీలో నేను జవాబు పెడతాను.

ఇక అసలు సంగతి. శనివారం సుష్మ దిగులు జబ్బుకు చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చాం. ఈ రెండేళ్ళలో మాత్రలు మార్చారు, మళ్ళీ మార్చారు, మోతాదు పెంచారు. అయినా సుష్మ మంచం దిగదు, దిగితే గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. పెడితే తింటుంది, పెట్టకపోతే అడగదు. వంకాయైనా కాకరకాయైనా ఒకటే. కాపరానికొచ్చిన కొత్తల్లో నా పులిహోరలో ఇంగువ ఎక్కువైందని మొహం మీదే చెప్పిన పిల్ల అది. ఆ రోజు నాకు ఎంత మండిందో మీకు తెలుసు, మీకు ఫోన్ చేసి మరీ చెప్పాను. ఇప్పుడు అలా ఒక్క మాట అంటే బాగుండునని ఉంది.

ఈసారి పాత మాత్ర ఆపకుండా దానికి తోడుగా ఇంకోటి ఇచ్చారు. లిథియం అంటారట. ఒక్క మందుకు లొంగనప్పుడు ఇలా తోడు మందు ఇస్తారని తేజేష్ కాగితం మీద రాసి చూపించాడు. పాలు ఎంత కాచినా వాటంతటవి పెరుగు కావు కదా, చెంచాడు తోడు వెయ్యాలి. నాకలా అర్థమైంది. అప్పుడప్పుడు రక్తం తీసి, మందు ఒంట్లో ఎంతుందో చూస్తారట. డాక్టరమ్మ మంచిదే గానీ మరీ మెత్తగా మాట్లాడుతుంది. తేజేష్ మందుల కొట్టు దగ్గర లైన్లో ఉన్నాడు. నేను సుష్మ పక్కన కూర్చుని అన్నిటికీ తల ఊపి వచ్చాను.

సిరికి మూడో తరగతి పుస్తకాలు కొన్నాం. స్కూలు గురువారం తెరుస్తారు. మీ మనవరాలు అచ్చం మీలాగే, అట్టలు వేసేదాకా ఎవర్నీ నిద్రపోనివ్వలేదు.

మోకాలు జాగ్రత్త.
మీ వదిన,
అరుణకుమారి


నాచారం,
10 జూన్

అరుణ వదినెకు అండాలు దండాలు.

అంగన్‌వాడీలో పిల్లలకు అక్షరాలు దిద్దించిన చెయ్యి గనుక పుస్తకాల భాషలో మొదలుపెడుతున్నాను. కోపమొస్తే మాత్రం నా మాట నాకొస్తది. ఏమనుకోవద్దు.

మీ ఉత్తరం చదివినంక నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. మా గల్లీలో బ్యాటరీ బండ్లు బాగుచేసే రమేష్‌ను పిలిచి, "లిథియం అంటే ఏందిరా?" అని అడిగిన. "గదే పెద్దమ్మా, బండ్ల బ్యాటరీలల్ల ఉంటది. జర గరమైతే అంటుకుంటది" అన్నడు. ఏంది వదినె ఇది? నా బిడ్డ కడుపులకు బ్యాటరీ మందా? ఆ డాక్టరమ్మకు చదువొచ్చునా? సుష్మ ఎన్నేండ్లు ఇదే నాచారంల మందుల కంపెనీ ల్యాబ్‌ల పనిచేసింది! గోలీ సూసి పేరు చెప్పేది. దాన్నన్న అడిగిన్రా, మింగుమంటే మింగిందా?

మింగే ఉంటది. నాకు తెలుసు. రైల్వేల పనిచేసే దాని బాపు సచ్చిపోయిననాడు కూడ అది గట్లనే కూసున్నది, చెప్పినదల్ల చేసుకుంట. అప్పుడు ఆర్నెల్లకు లేచింది. ఈసారి లేస్తదో లేదో అని నా పానం కొట్టుకుంటున్నది. నేను ఇంకేం అడగను వదినె, నా బిడ్డ మునుపటి లెక్క మాట్లాడాలె. అంతే.

కొత్త మామిడికాయ తొక్కు పంపుతున్న. కుర్చీల కూసొని కలిపిన. ఎల్లిపాయలు మస్తుగ వేసిన, దానికి అట్లనే ఇష్టం.

అండాలు


చిల్కానగర్,
17 జూన్

వదినగారికి నమస్కారాలు.

ముందు ఆ రమేష్‌ను బండ్ల సంగతి చూసుకోమనండి. తేజేష్ డాక్టరమ్మను ఫోన్లో అడిగాడు. బ్యాటరీలో ఉండేదీ మందులో ఉండేదీ ఒకటి కాదట, ఈ మందు మన చిన్నప్పటినుంచీ వాడుతున్నదేనట. నిప్పంటుకోదు. నేనూ లోపల కొంచెం భయపడ్డాననుకోండి, మీతో చెప్పలేదు.

మొన్న రక్తం తీశారు. మందు ఇంకా చాలినంత లేదని మోతాదు పెంచారు. అంటే ఇది పెద్ద మందే. అందుకని నేనొక నిర్ణయానికి వచ్చాను. ఇన్నాళ్ళూ మాత్రలు ఎందుకు పట్టలేదంటారు? పథ్యం లేక! ఇంగ్లీషు మందులకు పథ్యమేమిటని మేమే చెడగొట్టుకున్నాం. నాకు చిన్నప్పుడు కామెర్లు వస్తే మా అమ్మ తెనాలిలో నన్ను చప్పిడి పథ్యంతోనే నిలబెట్టింది. ఉప్పు లేదు, పులుపు లేదు, కారం లేదు. పాతబియ్యపు అన్నం, ఉడకేసిన బీరకాయ, చప్పటి పెసరకట్టు. నోరు చచ్చిపోయింది గానీ మనిషిని బతికాను.

నిన్నటినుంచి సుష్మకు విడిగా వండుతున్నాను. వదినగారూ, ఆ పిల్ల బంగారం. ఒక్కసారైనా "ఇదేం తిండి" అనలేదు. గిన్నెలో పెట్టింది పెట్టినట్టు తినేసి కంచం కడిగి బోర్లించింది. తేజేష్ పొద్దున్నే వెళ్ళిపోతాడు, ఫ్యాక్టరీ క్యాంటీన్లో తింటాడు కాబట్టి వాడితో గొడవ లేదు. మావారికి చెప్తే పేపరు వెనకాలనుంచి "ఊఁ" అన్నారు. ఈ ఇంట్లో అంతకన్నా ఎవరూ మాట్లాడరు.

అందువల్ల మీ సీసా వెనక్కి పంపుతున్నాను. మూత కూడా తియ్యలేదు. ఎదురుగా ఉంటే నాకే నోరు ఆగదు.

మీ వదిన,
అరుణకుమారి


నాచారం,
19 జూన్

వదినె,

సీసా అందింది.

తొక్కు వాపస్ పంపుడంటే మా దిక్కు సంబంధం తెంపుకునుడే. పెండ్లిల మా కూరలు తిని "అబ్బో కారం, అబ్బో మంట" అని మీ చుట్టాలంత మంచినీళ్ళ గ్లాసులు పట్టుకొని ఉరికిన్రు, నాకు యాదికున్నది. మా తిండంటే మీకు మొదటినుంచి చిన్నచూపు. పథ్యం సాకు దొరికింది, అంతే.

పొద్దుగాల లేచి మళ్ళ రాస్తున్న. పైన రాసింది కొట్టేద్దామనుకున్న, కానీ ఉండనీ. కోపం వచ్చింది నిజమే కద.

ఆలోచించిన వదినె. మా అమ్మ కూడ పెద్ద మందుకు పథ్యం పెట్టేది. బాలింత పథ్యం, పసిర్లకు, అదే మీ కామెర్లకు, పథ్యం, అన్ని మా దిక్కు కూడ ఉన్నయి. నీ మాట ఒప్పుకుంటున్న. నా బిడ్డకు నయమైతదంటే తొక్కేంది, నా నోరే కట్టేసుకుంట. అందుకే ఇయ్యాల్టి సంది నేను కూడ చప్పిడే. నా బిడ్డ ఉప్పు లేకుండ మింగుతుంటే నేను తొక్కేసుకొని ఎట్ల తింట? గొంతుల దిగద్దా? అది మంచిగైననాడు ఇద్దరం ఒక్కపారే ఉప్పు ముడతం.

క్యారేజీల జొన్నరొట్టె, సొరకాయ కూర పెట్టిన. ఉప్పు వెయ్యలే. పక్కింటి శాంతాబాయి రుచి చూసి "యే క్యా హై?" అని మొఖం వికారంగ పెట్టింది. పెట్టనీ.

ఒక్కటి చెప్పు. నా బిడ్డ నవ్విందా?

అండాలు


చిల్కానగర్,
27 జూన్

వదినగారికి,

మీరు నాకోసం కోపం దిగమింగారు, నేను మీకోసం మంచి కబురు రాస్తున్నాను. నవ్వలేదు గానీ, మొన్న ఆదివారం సుష్మ సిరికి జడ వేసింది! నేను నూనె గిన్నె పట్టుకుని బయటికొస్తే, "ఇటివ్వండి అత్తయ్యా" అంది. వంకరటింకర పాపిడి. సిరి అలాగే స్కూలుకు పోతానని పట్టుబట్టి, రెండు రోజులు ఆ జడ విప్పనివ్వలేదు. చూశారా పథ్యం మహిమ!

అయితే నిన్నటినుంచి కొంచెం నలతగా ఉంది. చెయ్యి వణుకుతోంది. టీ కప్పు సాసరులో టకటకమని కొట్టుకుని సగం ఒలికింది. రెండుసార్లు వాంతి చేసుకుంది. బాత్రూముకు పోతూ గోడ పట్టుకుంది. మాట కూడా కాస్త ముద్దగా వస్తోంది. మందు ఒంటికి పడుతున్నప్పుడు ముందు ఇలా తిప్పుతుందిలెండి, కామెర్లప్పుడు నాకూ తిప్పింది. వాంతులు కదా అని మజ్జిగ కూడా ఆపేశాను, పెసరకట్టు ఒక్కటే ఇస్తున్నాను. తేజేష్ మాత్రం సోమవారం డాక్టరు దగ్గరికి పోదామంటున్నాడు.

మీరు చప్పిడి మానేయండి. ఆపరేషనైన మనిషి. నా మాట వినండి.

అరుణకుమారి


నాచారం, దవాఖానా మంచం మీదినుంచి,
28 జూన్

వదినె,

ఒక చేతికి సెలైన్ సూది ఉన్నది. ఇంకో చేత్తోని రాస్తున్న. అక్షరాలు బాగలేకుంటే నీ ఖర్మ.

నిన్న నీ ఉత్తరం చదివి, మోకాలు చూపిచ్చుకునేటందుకు దవాఖానాకు పోయిన. కుర్చీలకెల్లి లేస్తుంటే కండ్లు తిరిగి పడ్డ. బీపీ గోలీలు వేసుకుంట ఉప్పు పూరా బంద్ చేస్తే ఇంతేనంట. డాక్టరు కోపానికొచ్చి, "ఉప్పు మానేయమని నీకెవరు చెప్పిన్రమ్మా?" అన్నడు. నేనేమో గర్వంగ, నా బిడ్డ లిథియం మింగుతున్నది, అది చప్పిడి తింటున్నది, దానికి తోడుగ నేను కూడ అని చెప్పిన. ఆయన కుర్చీలకెల్లి లేసి నిలబడ్డడు. "ఆమెకు చెయ్యి వణుకుతుందా?" అన్నడు. నీ ఉత్తరం నా సంచిలనే ఉన్నది. తీసి చదివి వినిపిచ్చిన. "ఇప్పుడే ఫోన్ చెయ్యి, ఇప్పుడే దవాఖానాకు తీసుకపొమ్మను" అన్నడు. తేజేష్‌కు చేసిన. ఆ పిల్లగాడు బండి స్టార్ట్ చేసిన చప్పుడు ఫోన్ల వినవడ్డది.

నా బిడ్డను నువ్వు ఉప్పు లేకుండ ఎండబెట్టినవ్ వదినె. చేతులు వణుకుతుంటే మజ్జిగ బంద్ చేసినవ్. ఏం మనిషివి నువ్వు? నాలుక ముద్ద అవుతున్నదని నువ్వే రాసి, మళ్ళ నువ్వే మహిమ అంటవా?

తేజేష్ పొద్దున ఒక్క మాట చెప్పి పెట్టేసిండు, సెలైన్ పెట్టిన్రని. మళ్ళ ఎత్తుతలేడు. నువ్వు ఫోన్ ఎత్తినా నీకు వినవడదు. నేను ఈడ పండుకొని పైకప్పు చూస్తున్న. మీ దిక్కునుంచి డ్యూటీకి వచ్చిపోయే నర్సును పట్టుకొని ఈ చిట్టీ పంపుతున్న. బతికున్నదా లేదా, అది రాయి.

అండాలు


ఉప్పల్, ఆస్పత్రి వరండా,
1 జూలై

వదినగారూ,

బతికుంది. ముందు అది చదువుకోండి, ఆ తర్వాత నన్ను తిట్టండి.

ఫోన్ చేసి చెప్పమని తేజేష్‌తో అన్నాను, చేశానన్నాడు. అయినా నేను రాయాలి. సెలైన్లు ఎక్కించారు. రోజూ రక్తం తీశారు. మందు ఒంట్లో ఉండాల్సినదానికంటే బాగా పెరిగిపోయిందట, ఇప్పుడు దిగింది. మాట తేటపడింది. వణుకు తగ్గింది. ఇవాళ తనే లేచి కిటికీ దాకా నడిచింది.

డాక్టరమ్మ ఈసారి నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. ఒంట్లో ఉప్పు తగ్గితే మూత్రపిండాలు ఈ మందును బయటికి పోనివ్వకుండా పట్టేసుకుంటాయట. ఉప్పూ నీళ్ళూ ఎప్పట్లా ఉంచండి, పెంచొద్దు, తగ్గించొద్దు, అడక్కుండా నొప్పి మాత్రలు కూడా వెయ్యొద్దు అని మొదటిరోజే చెప్పిందట. నేను అక్కడే ఉన్నాను. వినపడలేదని అడగడానికి సిగ్గేసి తల ఊపాను వదినగారూ. ఆ తల ఊపినందుకు నా కోడలు ఇక్కడ పడుకుంది.

ఇంకొకటి ఉంది. అది రాయడానికే మూడుసార్లు కాగితం మార్చాను. నిన్న సుష్మ మంచం పక్కన కూర్చుని, "తల్లీ, ఉప్పు లేదని నాతో ఒక్కమాట అనొచ్చు కదే" అన్నాను. అది నా మొహంలోకి వింతగా చూసి, "ఉప్పు వెయ్యలేదా అత్తయ్యా? నాకే రుచి తెలుస్తలేదనుకున్న. రోగం ఇంకా ముదిరిందనుకొని ఎవరికీ చెప్పలే" అంది.

అన్నాళ్ళు, వదినగారూ. అన్నాళ్ళు ఆ చప్పిడి తింటూ, తప్పు తిండిది కాదు తనదే అనుకుంటూ కూర్చుంది. ల్యాబులో మందులు పరీక్షించిన పిల్ల. దాని పక్కనే కూర్చుని నేను బంగారం, బంగారం అని మురిసిపోయాను. వరండాలోకి వచ్చి గోడకు తల ఆనించి ఏడ్చాను. మావారు పేపరు మడిచి నా పక్కన కూర్చున్నారు.

డిశ్చార్జి అయ్యాక సుష్మను మీ దగ్గరికే పంపిస్తాను. మీ ఇల్లు కిందే కదా, మెట్లు లేవు. నేను ఇక దానికి వండను. నా చేత్తో పెట్టింది తినాలంటే దానికి ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, పెట్టాలంటే నాకే చెయ్యి రావట్లేదు.

మీ ఒంట్లో ఎలా ఉంది? మీకేమైనా అయితే ఆ పాపమూ నాదే.

అరుణకుమారి


నాచారం,
3 జూలై

అరుణా,

ఇగ నువ్వు కూడ మీరు, గారు అన్నీ బంద్ చెయ్యి. నాకంటె నువ్వు ఆర్నెల్లే చిన్నదానివి.

నేను ఇంటికొచ్చిన. మంచిగున్న. నిన్న నా బిడ్డ ఫోన్ చేసింది. తనంతట తాను. రెండేండ్ల సంది నేను చేస్తేనే ఎత్తుడు, "ఊఁ, బాగున్న" అనుడు. నిన్న మాత్రం, "అమ్మా, నువ్వు కూడ ఉప్పు మానేసినవా? పిచ్చా నీకు?" అని నన్ను తిట్టింది. ఇంకో రెండు తిట్లు తిడితే బాగుండు అనిపిచ్చింది.

నువ్వు వండనంటే ఎట్ల? ఆ సొరకాయ కూరల నేను కూడ ఉప్పు వెయ్యలే. నువ్వు ఒక్కదానివే చేసినట్టు అంత పాపం నెత్తినేసుకుంటే నా వంతు ఏమైతది? కోపంల నేను రాసిన మాటలు వాపస్ తీసుకుంటలేను, భయపడి రాసిన, నా బిడ్డ కద. గానీ ఒకటి విను. ఈ రెండేండ్లు దానికి అన్నం పెట్టి, తల దువ్వి, మందు మింగిపిచ్చి, రాత్రి లేచి ఊపిరి ఆడుతుందా అని చూసింది ఎవరు? తేజేష్ చెప్పిండు నాకు. నేను నాచారంల కూసొని ఏడిస్తిని, నువ్వు చేస్తివి. సుష్మ ఈడికి వస్తే రానీ, నాలుగు దినాలు ఉంటది. దాని ఇల్లు మాత్రం గదే, దాని పొయ్యి గదే. నువ్వే వండాలె.

డాక్టరమ్మ చెప్పేది ఈసారి కాగితం మీద రాయించు. నీకు వినవడకపోతే, "వినవడలే, మళ్ళ చెప్పు" అను. మనకు ఈ వయసుల సిగ్గేంది?

ఆ తొక్కు సీసా మళ్ళ పంపుతున్న. అది రెండు దిక్కులు తిరిగి తిరిగి మంచిగ ఊరింది. డాక్టరమ్మను అడుగు, మునుపు తిన్నంత తినొచ్చు అంటేనే మూత తియ్యి. ఈసారి వాపస్ వస్తే మాత్రం నేనే మీ మూడంతస్తులు పాక్కుంట ఎక్కి వస్త.

అండాలు


చిల్కానగర్,
10 ఆగస్టు

అండాలు వదినకు,

గారు తీసేశాను, వదిన మాత్రం ఉండనివ్వు, అలవాటు.

సుష్మ నీ దగ్గర నాలుగు రోజులుండి వచ్చేసింది, బోనాలకు అందరం మీ ఇంటికొచ్చి కడుపు పగిలేలా తిన్నాం కదా, ఇంకా ఉత్తరాలెందుకని తేజేష్ విసుక్కుంటున్నాడు. క్యారేజీ మూత తీసినప్పుడు కాగితం లేకపోతే నాకు తోచదు. వాడికేం తెలుసు.

తోడు మాత్ర మళ్ళీ మొదలుపెట్టాక రెండుసార్లు రక్తం తీశారు. ఈసారి తక్కువ మోతాదు. ఉండాల్సినంతే ఉందట. మందు మానేద్దామని నేను భయపడితే డాక్టరమ్మ వద్దంది, పనిచేస్తున్న మందును వదులుకోవద్దంది. నేను నాలుగుసార్లు "వినపడలేదు, మళ్ళీ చెప్పండి" అన్నాను. ఆవిడ నాలుగుసార్లూ చెప్పింది, అయిదోసారి కాగితం మీద రాసిచ్చింది. దాన్ని ఉప్పు డబ్బాకు అంటించాను.

నిజం చెప్పాలంటే అన్ని రోజులూ ఒకలా ఉండవు. మొన్న గురువారం సుష్మ మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది. శుక్రవారం లేచింది. ల్యాబుకు అప్పుడే వద్దన్నారు గానీ, పొద్దున్నే సిరి స్కూలు బస్సు దాకా దిగి వెళ్తోంది.

ఇవాళ ఆదివారం. నేను బీరకాయ పప్పు చేశాను. ఆ రోజునుంచీ ఉప్పు వేసేటప్పుడు నా చెయ్యి జంకుతూనే ఉంది వదినా, ఎక్కువైతే ఏమవుతుందో, తక్కువైతే ఏమవుతుందో అని. అందరం కూర్చున్నాం. సుష్మ ఒక ముద్ద తింది, ఆగింది, కంచంలోకి చూసింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "అత్తయ్యా, పప్పుల ఉప్పు తక్కువైంది" అంది.

మావారు పేపరు దించారు. తేజేష్ ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నాకు సరిగ్గా వినపడిందో లేదోనని, "ఏమన్నావ్? మళ్ళీ చెప్పు" అన్నాను. ఈసారి విసుక్కుంటూ గట్టిగా చెప్పింది, చెవిటిదాన్ననే సంగతి గుర్తు చేస్తున్నట్టు! "ఉప్పు! తక్కువైంది!" అంది. నేను వంటింట్లోకి పరిగెత్తి, ఉప్పు డబ్బా పట్టుకుని అక్కడే కాసేపు నిలబడి, కళ్ళు తుడుచుకుని వచ్చాను.

ఈ ఉత్తరం రాస్తుంటే వెనకనుంచి వచ్చి చదివింది. తనూ రెండు ముక్కలు రాస్తానని పెన్ను లాక్కుంటోంది. ఇస్తున్నాను.

అరుణ

అమ్మా,
నీ తొక్కుల ఉప్పు ఎక్కువైంది. అత్తయ్య పప్పుల తక్కువైంది. రెండూ కలుపుకొని తింటున్న. మంచిగున్నది.
సుష్మ